అంజయ్య కట్టిన సముద్రం

చేవెళ్ళకు వెళ్ళి, రెండు బస్తాల దొడ్డుప్పు కొని, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఆ పొద్దున అంజయ్య వేసుకున్న పథకం ఇంతే. మొయినాబాద్‌లో ఉప్పు దొరకదా అని భార్య రుక్మిణమ్మ అడిగింది. అక్కడ కొంటే తాను ఇల్లు చేరేలోపు హిమాయత్‌నగర్ అంతటికీ తెలిసిపోతుందని ఆయన భయం. తెలియకుండా చేయాలనుకున్న పని మరి.

ఈ పనంతటికీ మూలం అసూయ. ఊళ్ళో మంచి రేడియో ఉన్నది అంజయ్య ఒక్కడికే. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మొదలై, బస్సు ఏ రోజు వస్తుందో ఏ రోజు రాదో తెలియని పరిస్థితి వచ్చాక, సాయంత్రం వార్తల వేళకు ఆయన అరుగు మీద కాలు పెట్టే జాగా ఉండేది కాదు. వార్తలయ్యాక అంజయ్య గొంతు సవరించుకుని, రేడియో చెప్పనివి కూడా కొన్ని చెప్పేవాడు. జనం తలలూపేవారు. రేపు సర్పంచి కావడానికి ఆ తలలు చాలునని ఆయన నమ్మకం.

అంతలో పట్నంలో కాలేజీలు మూతపడ్డాయి. అక్కడొక కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబులో అటెండరుగా పనిచేసే సోలోమోను, ల్యాబులోని ఉప్పునీళ్ళ గాజుతొట్టిని ఊరికి తెచ్చుకున్నాడు. కాలేజీ తెరిచేదాకా అందులోని ప్రాణులను బతికించే బాధ్యత ప్రొఫెసరుగారు ఆయనకు అప్పగించారట. తొట్టి నిండా రైల్లో తెప్పించిన సముద్రపు నీళ్ళు, అడుగున పగడపు రాళ్ళు, వాటి మీద వేళ్ళలాంటి రేకులు ఆడిస్తూ ఒక సముద్రపు పువ్వు, ఆ పువ్వులో దాక్కుని తొంగిచూసే నారింజరంగు చేపలు. కరెంటు పోతే చేపలకు గాలి అందదని సోలోమోను భార్య ధనమ్మ సైకిలు పంపు పట్టుకుని కూర్చునేది.

ఊరు ఊరంతా అటు మళ్ళింది. అంతకుముందు ఆ వాడకట్టు ముఖం చూడనివాళ్ళు కూడా పిల్లలను చంకనెత్తుకుని పోయి సోలోమోను గుమ్మం ముందు నిలబడ్డారు. అంజయ్య అరుగు మీద రేడియో తన వార్తలన్నీ రెండు కుక్కలకు చెప్పుకుంది. ఆయన కడుపు భగ్గున మండింది. దానికి తోడు రుక్మిణమ్మ కూడా రోజూ పోయి చూసి వచ్చి, అన్నం వడ్డిస్తూ ఆ ముచ్చట్లే చెప్పేది.

"తొట్టిల నీళ్ళు తగ్గితే బాయి నీళ్ళే పోస్తడట. నీళ్ళు ఆవిరైతయ్ గని ఉప్పు ఆడనే ఉంటదట. సోలోమోను ఎంత మంచిగ చెప్తడో."

"నేను చెప్తే మంచిగుండదా?"

"నువ్వు చెప్పేది రేడియో గూడ చెప్తది గద."

అంజయ్య కంచం పక్కకు నెట్టాడు. సోలోమోను ఇంట మంచినీళ్ళు కూడా ముట్టని తాను, ఆ ఇంటి ఉప్పునీళ్ళ ముందు ఓడిపోవడమా? ఆ వారమే ఇంటి వాకిట్లో పెద్ద సిమెంటు తొట్టి కట్టించాడు. పశువుల కోసమని చెప్పాడు. ముందువైపు అద్దం బిగించమనేసరికి పశువులకు అద్దమెందుకని మేస్త్రీ అడిగాడు. అంజయ్య వినపడనట్టు సిమెంటు బస్తాలు లెక్కపెట్టాడు. ఇక కావలసింది ఉప్పే.

చేవెళ్ళలో దుకాణదారు బాలమల్లు బస్తాలు బండికెత్తిస్తూ, ఇంట్లో పెళ్ళి ఉందా అని అడిగాడు. లేదన్నాడు అంజయ్య. పోనీ పచ్చళ్ళకా అని అడిగి, ఈ కాలంలో పచ్చళ్ళెవరు పెడతారని తానే మళ్ళీ అన్నాడు. సముద్రం తయారు చేసుకుంటున్నానంటే చేవెళ్ళ మొత్తం నవ్వుతుంది. అంజయ్య చివరికి నోటికొచ్చింది అనేశాడు.

"ముందుజాగ్రత్త. రోజులు మంచిగ లేవు."

పక్కనే బీడీ ముట్టించుకుంటున్న పాలబ్బాయి బిక్షం చెయ్యి ఆగిపోయింది. రేడియో ఉన్న మనిషి ముందుజాగ్రత్త అన్నాడంటే ఊరికే అనడు. ఉప్పు వచ్చేది సముద్రం ఒడ్డు నుంచి. రైళ్ళు చూస్తే ఎక్కడికక్కడ ఆగిపోతున్నాయి. బిక్షం బీడీ పారేసి సైకిలెక్కాడు. అంజయ్య ఎడ్లబండి మొయినాబాద్ చేరేసరికి అక్కడి దుకాణాల ముందు జనం సంచులు పట్టుకుని తోసుకుంటున్నారు. ఏమైందని అడిగితే, ఉప్పు రావడం బందయిందని ఎవరో పెద్దమనిషి చెప్పాడన్నారు. ఆ పెద్దమనిషి ఎవరై ఉంటాడా అని ఆశ్చర్యపోతూ అంజయ్య బండి తోలుకొచ్చాడు.

ఇంటి దగ్గర అరుగు నిండిపోయి ఉంది. అంతమందిని అక్కడ చూసి ఎన్నాళ్ళయిందో. ఏ మాటైనా అందరికంటే ముందు అడిగే గోపమ్మ లేచి నిలబడింది.

"అంజన్న, ఉప్పు ఇంక రాదట, నిజమేనా? నువ్వే చెప్పినవట గద."

ఆ పెద్దమనిషి ఎవరో అంజయ్యకు అప్పుడు తెలిసింది. అబద్ధమని ఒక్క మాటంటే అయిపోయేది. కానీ ఆ మాట అనగానే జనం లేచిపోతారు. లేచి ఎవరి గుమ్మానికి పోతారో కూడా ఆయనకు తెలుసు. ఆ గుమ్మం గుర్తుకు రాగానే నోరు మరోలా తిరిగింది.

"అన్ని సంగతులు రేడియోల చెప్తరా, చెల్లె?"

జనం తలలూపారు. మళ్ళీ ఇన్నాళ్ళకు తన అరుగు మీద తలలూగడం చూసి అంజయ్య కడుపు చల్లబడింది.

మర్నాడు పొద్దున్నే వాకిలి తలుపు గడియపెట్టి, తొట్టి నింపి, రెండు బస్తాలూ అందులో కుమ్మరించాడు. నాలుక మీద వేసుకుంటే ఉప్పు ఇంకా తక్కువనిపించి, వంటింట్లోని ఉప్పు కుండ కూడా తెచ్చి బోర్లించాడు. గండిపేట చెరువులో పట్టిన చేపలను చిల్కూరు నుంచి తెప్పించి వదిలాడు. మధ్యాహ్నానికి అవన్నీ వెల్లకిలా తేలాయి. సోలోమోను చేపలు ఉప్పులో బతకగా లేనిది వీటికేం రోగమని అంజయ్య విసుక్కున్నాడు.

ఈలోగా దుకాణాల్లో ఉప్పు నిండుకుంది. బాగా కొన్నవాళ్ళు అటకల మీద దాచి లేదన్నారు. ఏ పూటకాపూట కొనుక్కునే కూలివాళ్ళకు చిటికెడు దొరకలేదు. అప్పుడు ధనమ్మ, తొట్టి కోసం పెద్ద గాజు సీసాల్లో విడిగా దాచిన సముద్రపు నీళ్ళను వడగట్టి, వచ్చినవాళ్ళకల్లా తలా ఒక చెంబు పోసింది. మనుషుల కూరలు చప్పగా ఉంటే చేపలను చూడటానికి ఎవరొస్తారని సోలోమోను అన్నాడట.

ఈ కబురు అంజయ్య చెవిన పడింది. కరువు పుట్టించింది తాను, దాత అనిపించుకున్నది సోలోమోనా? ఇంక ఆగలేకపోయాడు. వాకిలి తలుపు బార్లా తెరిచి, చెంబులెందుకు, బిందెలతోనే రండని ఊరందరికీ కబురు పంపాడు.

ఊరు బిందెలతో వచ్చింది. తొట్టిని చూసింది, అద్దాన్ని చూసింది, అద్దం వెనక తేలుతున్న చేపలను చూసింది. ఊరికి అంతా అర్థమైంది.

"అయితె ముందుజాగ్రత్తంటే గిదేనా, అంజన్న?" అంది గోపమ్మ.

నవ్వు ఎక్కడ మొదలైందో కానీ అందరికంటే గట్టిగా నవ్వింది మేస్త్రీయే. సోలోమోను మాత్రం నవ్వలేదు. గుంపులోంచి ముందుకు వచ్చి తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు. చేపల ఊసెత్తలేదు.

"పటేలా, మా కాలేజి తొట్టికన్న నీదే పెద్దగున్నది" అన్నాడు నిజమైన మెచ్చుకోలుతో.

అంజయ్య ఎవరి నోట వినాలని ఇంత చేశాడో ఆ నోటే ఆ మాట అంది. విన్నాక చెంప మీద కొట్టినట్టుంది. జనం నవ్వుకుంటూనే ముక్కులు మూసుకుని బిందెలు ముంచుకున్నారు. కూరలకు పనికిరాకపోయినా చింతగింజలు నానబెట్టడానికైనా పనికొస్తాయని ఒకరు, తోళ్ళు ఊరబెట్టడానికైనా పనికొస్తాయని ఇంకొకరు అన్నారు. ఉప్పు నిల్వలు కావలసినన్ని ఉన్నాయి, పుకార్లు నమ్మవద్దని అరుగు మీద రేడియో చెబుతూనే ఉంది. బిందెలు నిండగానే అందరూ పోయారు, పోతూ పోతూ సోలోమోను ఇంటి ముందు ఆగారు. అంజయ్యకు తొట్టి అడుగున చచ్చిన చేపలు, అరుగు మీద రెండు కుక్కలు మిగిలాయి.

చీకటి పడ్డాక కంచం ముందు కూర్చున్నాడు. రుక్మిణమ్మ పప్పు వడ్డించి, పక్కన కూర్చుంది. ఆకలి మీదున్న అంజయ్య గబగబా తిన్నాడు. లోకమంతా తనను చూసి నవ్వినా ఇంట్లో పప్పు మాత్రం కమ్మగా ఉందని ఆయన మనసు కొంచెం కుదుటపడింది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది రుక్మిణమ్మ.

"మంచిగ సరిపోయింది."

అన్నాక గుర్తొచ్చింది, ఉప్పు కుండ తానే బోర్లించిన సంగతి.

"ఉప్పు ఏడికెల్లి తెచ్చినవే?"

"ధనమ్మ చెంబెడు నీళ్ళు పోసింది. నీ సముద్రం వాసనొస్తున్నది."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆ ఇంటి నీళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ముట్టలేదు. అంతకంటే బాధ ఏమిటంటే, ఇంత కమ్మటి పప్పు కూడా ఎన్నడూ తినలేదు. సోలోమోను మీద మళ్ళీ కడుపు మండింది, అది ఆకలి మంటతో కలిసిపోయింది.

అంజయ్య గోడ వైపు చూస్తూ ఇంకో గరిటె వేయమన్నాడు.