ఇస్తినమ్మ గుమ్మం

సోమవారం తెల్లవారేసరికి జోగినాథంగారి కళ్ళజోళ్ళ షాపు మూడో పేజీలోంచి ఆరో పేజీకి వెళ్ళిపోయింది; వెళుతూ వెళుతూ కరెంటు మీటరునీ, వెనక గోడవారనున్న కరివేపాకు మొక్కనీ కూడా వెంటబెట్టుకుపోయింది. ఇందులో వింతేమీ లేదు. రాళ్ళపూడిలో ఏ షాపు సెర్చిలో ఏ వరుసలో వస్తే, ఊళ్ళో ఆ వరుసలోనే నిలబడుతుంది. మొదటి పేజీ అంటే బస్టాండు రోడ్డు. రెండో పేజీ దాని వెనక సందు. అలా పోగా పోగా మురుగుకాలవ దాటాక ఆరో పేజీ వస్తుంది. పదో పేజీ దగ్గర సిమెంటు రోడ్డు ఆగిపోయి తుంగ మొదలవుతుంది. ఆ తరవాత ఏముందో చూసొచ్చినవాళ్ళు లేరు. నిరుడు అటు జారిపోయిన సైకిలు షాపు తాలూకు బెల్లు మాత్రం గాలి ఇటు తిరిగినప్పుడు వినబడుతుందంటారు. మునిసిపాలిటీవారు ఆ బెల్లుకి ఆస్తిపన్ను నోటీసు పంపారు.

ముందుకి రావాలంటే గుమ్మాలుండాలి. ఒక షాపువారు తమ వెబ్‌సైటులో ఇంకో షాపు లింకు పెడితే, పెట్టినవారి గోడకి ఒక గుమ్మం లేస్తుంది. ఆ గుమ్మం దాటితే అవతలి షాపులో తేలతారు, అది ఊరికి ఆ చివరనున్నా సరే. ఎంత ఎక్కువమంది గోడల్లో తమకి గుమ్మాలుంటే, తమ షాపు అంత ముందుకి జరుగుతుంది. రాళ్ళపూడిలో ఎక్కాలు రాని పిల్లలకి కూడా ఈ లెక్క వచ్చు.

జోగినాథంగారి గోడకి ఒక్కటే గుమ్మం ఉండేది. అది కంటి డాక్టరు వసుంధరగారి ఆసుపత్రిలోకి తీస్తుంది. కంట్లో శుక్లం వచ్చినవాళ్ళకి కళ్ళజోడు అంటగట్టకుండా, ఇది నా వల్ల అయ్యేది కాదు, అటు వెళ్ళండని ఆయన ఆ గుమ్మంలోంచి పంపించేసేవారు. డాక్టరమ్మ తిరిగి గుమ్మం ఇవ్వలేదు, ఈయన అడగనూ లేదు. చెయ్యవలసిన పని చేసి దానికి మారు అడగడమేమిటన్నది ఆయన పద్ధతి. పద్ధతులున్నవాళ్ళంతా ఆరో పేజీలోనే ఉండేవారు కాబట్టి ఇరుగుపొరుగు మాత్రం బాగానే కుదిరింది.

ఆయన దిగులల్లా రాజ్యలక్ష్మి టీచరు గురించి. చిన్నప్పుడు ఆయనకి అక్షరాలు దిద్దబెట్టిన ఆవిడే ఇప్పుడు ఆయన దగ్గరికొచ్చి, గోడ మీది అట్ట చూసి అక్షరాలు చదివేది. అట్ట మొత్తం ఆవిడకి కంఠతా వచ్చు గనక ఆయన కింద నుంచి పైకి చదివించేవారు. పాత కళ్ళజోడు పగిలితే, కొత్త దానికి దళసరి అద్దాలు తెప్పించి బిగించి ఉంచారు. ఆవిడ వచ్చి తీసుకెళ్ళడమే తరవాయి. కానీ ఆవిడ అలవాటు కొద్దీ మూడో పేజీకి వెళ్ళింది. అక్కడ ఇప్పుడు బోర్‌వెల్స్ ఆఫీసుంది. కనబడక కుర్చీలో కూర్చుంది. ఎంత దూరం వెళ్ళాలమ్మా అని వాళ్ళడిగితే, చూపు గురించే కాబోలనుకుని, బాగా దూరం వెళ్ళాలి నాయనా అంది. మర్నాడు ఆవిడ పెరట్లో బోరు లారీ దిగింది. నీళ్ళు బాగానే పడ్డాయట గానీ, ఆవిడకి ఆ నీళ్ళు కూడా కనబడలేదు.

ఈ సంగతి తెలిసి జోగినాథంగారికి అన్నం సహించలేదు. అదే సమయానికి లింకుల లోవరాజు వచ్చాడు. ఇతను పూర్వం పెళ్ళిసంబంధాలు కుదిర్చేవాడు. పెళ్ళికొడుకులు పెరిగిపోయి పెళ్ళికూతుళ్ళు కరువైన దగ్గర్నుంచీ షాపుల సంబంధాలలోకి దిగాడు. ఆ చేతిసంచీ అదే, ఆ నవ్వూ అదే. ఒకే వ్యాపారం చేసే రెండు షాపులు సగోత్రమని, వాటికి సంబంధం కలపకూడదని అతని శాస్త్రం. బోర్‌వెల్స్ వారి సంబంధం తెచ్చానని, వాళ్ళు మొదటి పేజీవారికి దగ్గర బంధువులని చెప్పాడు. వాళ్ళ గోడలో మీకో గుమ్మం, మీ గోడలో వాళ్ళకో గుమ్మం, అచ్చం కుండమార్పిడి పెళ్ళిలాంటిదని వివరించాడు.

"కళ్ళజోడు కోసం వచ్చినవాడికి బోరుతో పనేముందయ్యా?" అన్నారు జోగినాథంగారు.

"పెళ్ళికొచ్చినవాళ్ళకి పెళ్ళితో పనేముందండి? భోంచేసి ఎల్తన్నారు గదా," అన్నాడు లోవరాజు.

జోగినాథంగారి దగ్గర ఉన్నదల్లా భయం. తన గుమ్మంలోంచి వెళ్ళినవాడు అవతల మునిగితే ఆ ఉసురు తనకే తగులుతుందని ఆయన నమ్మకం. గుమ్మమంటే మాట ఇచ్చినట్టే కదా! ఆలోచించుకుని చెబుతానన్నారు. ఒక పూట ఇచ్చేద్దామనిపించేది, ఇంకో పూట ఛీ అనిపించేది. ఆయన ఆలోచిస్తూండగానే షాపు ఎనిమిదో పేజీకి జారింది. ఫ్రేముల ట్రేలోకి కప్పలు రావడం మొదలెట్టాయి. అందులో ఒకటి రోజూ అద్దం ముందు కూర్చుని తనని తాను చూసుకుని వెళ్ళేది. ఏమీ కొనేది కాదు. వచ్చేపోయేవాళ్ళలో దాన్ని మించిన ఖాతాదారు లేకపోయింది. చివరికి ఆయన ధైర్యం తెచ్చుకుని, వద్దనే చెప్పాలని నిశ్చయించుకున్నారు. టీచరుగారికి కళ్ళజోడు తనే పట్టుకెళ్ళి ఇచ్చి రావాలని చొక్కా జేబులో పెట్టుకున్నారు కూడా. ఆ రోజు శ్రావణ శుక్రవారం కాకపోయి ఉంటే అలాగే జరిగేది.

ఆయన భార్య మంగాయమ్మ షాపులో దీపం పెడుతూండగా, బోర్‌వెల్స్ యజమాని భార్య అనంతలక్ష్మి పళ్ళెంలో నానబెట్టిన శనగలూ తాంబూలమూ పట్టుకుని వచ్చింది. బొట్టు పెట్టింది. కాళ్ళకి పసుపు రాసింది. పళ్ళెం మీద కొంగు కప్పి, "ఇస్తినమ్మ గుమ్మం," అంది.

కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఏటా చెప్పి చెప్పి నోటికి పట్టేసిన మాట. "పుచ్చుకుంటినమ్మ గుమ్మం," అనేసింది మంగాయమ్మ.

మూడోసారి అనేసరికి, వాళ్ళ గోడలో లేచిన గుమ్మం ఇవతల వచ్చి తేలే చోట ఈ గోడ కూడా పెటపెటమని విచ్చుకుంది. అద్దం ఉన్న చోట టేకు ద్వారబంధం, దానికి పసుపు, మామిడి తోరణం, అవతల బోరు పైపులూ కనిపించాయి. లోవరాజు అప్పటికే అవతల కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. జోగినాథంగారు లబోదిబోమన్నారు. ఈ గుమ్మం నాకొద్దు, మూసెయ్యమన్నారు. మంగాయమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"పుచ్చుకున్న వాయనం తిప్పి పంపితే అయిదోతనానికి అరిష్టమండీ. నా అయిదోతనమంటే ఎవరు? మీరే గదా. మీకేమన్నా అయితే షాపెవరు చూస్తారు?" అంది.

తన ప్రాణాలకి సంబంధించిన విషయంలో భార్యతో వాదించే మగవాడు రాళ్ళపూడిలో ఇంకా పుట్టలేదు. పుచ్చుకున్నాక తిరిగి ఇవ్వడం కూడా విధే కాబట్టి, ఆ సాయంత్రం మంగాయమ్మ వెళ్ళి, అదే ద్వారబంధంలో ఇటునుంచి అటు పోయేలా వాళ్ళకో గుమ్మం ఇచ్చి వచ్చింది. మర్నాటికి షాపు అయిదో పేజీలో ఉంది. కప్ప రాలేదు.

ఆ నెలంతా పేరంటాలే. కోళ్ళఫారమ్ వారి కోడలు వచ్చింది. షామియానాల వారి అత్తగారు వచ్చింది. జాతకాల ఆయనకి భార్య లేకపోతే చెల్లెల్ని పంపించాడు. శనగలు తినలేక ఇంట్లో అందరికీ కడుపుబ్బరం పట్టుకుంది. ఒక్కో గుమ్మానికీ గోడలో కొంత పోయింది. ఫ్రేముల బీరువా ఎక్కడ పెట్టాలో తెలియక వీధిలో పెట్టారు, తరవాత ఇంటికి తోలేశారు. అద్దాలు అరగదీసే మిషను కోళ్ళఫారమ్‌లో దాచారు. అది తిరుగుతూంటే కోళ్ళు గుడ్లు బాగా పెడుతున్నాయని వాళ్ళు తిరిగివ్వలేదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, రెండో పేజీకొచ్చేసరికి జోగినాథంగారికి కూడా బాగానే ఉంది. దారిన పోయేవాళ్ళు నమస్కారాలు పెడుతున్నారు. ఇదంతా టీచరుగారికి దగ్గరవడం కోసమేనని, మొదటి పేజీకి వెళితే ఆవిడ బస్సు దిగగానే ఎదురుగా తానే ఉంటానని తనకి తాను చెప్పుకునేవారు. జేబులో కళ్ళజోడు జేబులోనే ఉంది. తీసుకెళ్ళి ఇచ్చే తీరికెక్కడిది, రోజుకో గుమ్మమాయె.

రెండో పేజీ వారిని వరుసల కార్యాలయం వారు తనిఖీ చెయ్యడం రివాజు. పరాంకుశంగారనే అధికారి వచ్చారు. గుమ్మాలు అభిమానం కొద్దీ పెట్టుకోవచ్చు గానీ, ఇచ్చిపుచ్చుకోవడం నిషిద్ధం. అందుకని ఆయన ప్రతి ద్వారబంధాన్నీ వేలితో తట్టి చూసి, ఇవి అభిమానంతో పెట్టినవేనా అని అడిగారు. జోగినాథంగారు నేల చూపులు చూస్తూ, అభిమానమేనండి అన్నారు. ఆయన జన్మలో చెప్పిన మొదటి అబద్ధం అదే.

"కోళ్ళఫారమ్ మీద మీకెందుకంత అభిమానం?" అన్నారు పరాంకుశంగారు.

జోగినాథంగారు ఆ గుమ్మంలోంచి అవతలి కోళ్ళకేసి చూశారు. "కోళ్ళకి రేచీకటండి. పొద్దుగూకితే పాపం కనబడదు. నేను కళ్ళజోళ్ళవాణ్ణి."

"అయితే వృత్తిసంబంధమే," అని అధికారి తృప్తిపడి, కూతురి పెళ్ళికి బేరమాడుకోవాలంటూ షామియానాల గుమ్మంలోంచి వెళ్ళిపోయారు.

ఇక షాపులో మిగిలింది రెండే చోట్లు. ఒకటి డాక్టరమ్మ గుమ్మం, రెండోది అక్షరాల అట్ట వేలాడుతున్న గోడముక్క. లోవరాజు ఆ రెండింటికేసీ చూస్తూ కూర్చున్నాడు. కల్యాణమండపం వారి పెద్ద సంబంధం వచ్చిందని, వాళ్ళకీ వాళ్ళ తమ్ముడి బాణాసంచా షాపుకీ రెండు గుమ్మాలిస్తే మొదటి పేజీలో మొదటి స్థానం ఖాయమని చెప్పాడు. డాక్టరమ్మది ఒంటివైపు గుమ్మమని, ఇటునుంచి పోవడమే గానీ అటునుంచి రావడం లేదని, ఇంట్లో కుండ చిల్లు పడితే మూసుకోరా అని అడిగాడు.

జోగినాథంగారికి ఆ మధ్యాహ్నం ఏడుపొచ్చింది. ఆ గుమ్మంలోంచి ఆయన పంపినవాళ్ళు మళ్ళీ చూపుతో వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి. అలాగని వద్దని చెప్పారా అంటే, చెప్పలేదు. ఇన్ని ఇచ్చాక ఈ రెండూ దాచుకుని ఏం లాభమనిపించింది. అట్టని తనే విప్పి, చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నారు. మంగాయమ్మ పళ్ళెం తెచ్చింది.

మర్నాడు షాపు బస్టాండుకి ఎదురుగా, సోడాబండి కన్నా ముందు నిలబడింది. మంగాయమ్మ కొబ్బరికాయ కొట్టింది గానీ దేవుడి పటం తగిలించడానికి గోడ దొరక్క పటాన్ని ఒళ్ళో పెట్టుకుంది. నాలుగు వైపులా గుమ్మాలు, మధ్యలో స్టూలు, స్టూలు మీద జోగినాథంగారు. అంతే షాపు. జనం మాత్రం తిరునాళ్ళలా వచ్చారు. ఒక గుమ్మంలోంచి వచ్చి, దారి అడిగి, ఇంకో గుమ్మంలోంచి పోతున్నారు. ఒక పెళ్ళి ఊరేగింపు బాణాసంచా వైపు నుంచి వచ్చి మండపం వైపు వెళ్ళింది. ఆయన అందరికీ ఓపిగ్గా దారి చూపించారు. నాలుగు రోజులయ్యేసరికి ఎవరేమడుగుతున్నారో వినవలసిన అవసరం కూడా లేకపోయింది. చెయ్యి దానంతటదే లేచి ఏదో ఒక గుమ్మం చూపించేది. ఎవరూ తిరిగొచ్చి తప్పని చెప్పలేదు.

శుక్రవారం ఉదయం బోర్‌వెల్స్ గుమ్మంలోంచి రాజ్యలక్ష్మి టీచరు ద్వారబంధం తడుముకుంటూ వచ్చింది. చీర కుచ్చెళ్ళకి బురద. ఆయన మోకాలికి చెయ్యి తగిలి ఆగింది.

"నాయనా, ఇక్కడ జోగినాథమని మా శిష్యుడి కళ్ళజోళ్ళ షాపుండాలి. మొదటి పేజీకొచ్చాడట, సంతోషం. ఎటెళ్ళాలి?"

ఆయన చుట్టూ చూశారు. ఫ్రేముల్లేవు, అద్దం లేదు, అట్ట లేదు. ఉన్నవన్నీ గుమ్మాలే. చెయ్యి అప్పటికే లేచింది.

"ఆ ఎదురు గుమ్మంలోంచి వెళ్ళండమ్మా," అంది నోరు.

"గొంతు తెలిసినట్టుందే."

"అందరూ అలాగే అంటారమ్మా."

"చల్లగా ఉండు బాబూ," అని ఆవిడ బాణాసంచా వైపు వెళ్ళిపోయింది.

అప్పుడు ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది. కళ్ళజోడు తగిలింది. టీచరుగారూ అని కేకేసి లేవబోయారు. లోవరాజు వచ్చి భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు.

"లేవకండి. మీరు లేస్తే ఇక్కడ షాపే లేదు," అన్నాడు.

నిజమే. తను కూర్చున్న స్టూలు తప్ప అక్కడ షాపని చెప్పుకోదగ్గది ఏదీ లేదు. లేచిన మరుక్షణం అక్కడ వట్టి రోడ్డు ఉంటుంది, దాని మీద దేవుడి పటం పట్టుకుని మంగాయమ్మ ఉంటుంది. ఆయన కూర్చున్నారు. ఎవరండీ అని మంగాయమ్మ అడిగితే, ఎవరో దారి అడిగారే అన్నారు. చెప్పారా అంది. చెప్పానన్నారు.

ఏ గుమ్మంలోంచి వెళ్ళినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తారు కదా, మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దామనుకున్నారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు. సాయంత్రంలోగా ఆవిడ మరో రెండుసార్లు వచ్చి, మొదటిసారి అడిగినట్టే అడిగింది. తనే జోగినాథమని చెబితే మొదటిసారే ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి కాబట్టి, ఆయన రెండుసార్లూ వేరే వేరే గుమ్మాలు చూపించారు. ఇప్పుడామె రోజూ వస్తోంది. ఊళ్ళో ఇంత మర్యాదగా దారి చెప్పేవారు మరొకరు లేరని, జోగినాథం కనబడితే ఈ అబ్బాయి గురించి చెప్పాలని ఆవిడ అందరితోనూ అంటోంది.