నాచారంలో నిశ్చింత డ్రాయరు

మూత్రం ఆగకపోవడం జబ్బని మీరనుకుంటున్నారా? ఎంత పొరపాటు! అది మనిషికి పట్టగలిగిన మహా అదృష్టాల్లో ఒకటి! ఆ సంగతి మొట్టమొదట గ్రహించినవారు పట్టాభిరామయ్య గారు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో దూది, బ్యాండేజీ గుడ్డ, ఆపరేషన్ గౌన్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఆయనది. గ్రహించింది పంతొమ్మిది వందల తొంభై మూడు ఎండాకాలంలో.

అంతకు ముందు ఆయన కూడా మనలాంటి అజ్ఞానే.

యాభై ఎనిమిదో ఏట ఆయనకి ప్రోస్టేటు ఆపరేషన్ అయింది. బ్రహ్మాండంగా అయిందని డాక్టరు చెయ్యి కూడా కలిపాడు. కానీ గ్రంథితో పాటు కుళాయి మర కూడా పట్టుకుపోయినట్టున్నాడు, ఆ రోజు నుంచీ ఆగడం లేదు. దగ్గితే చుక్క, తుమ్మితే గుక్కెడు, నవ్వితే ఇక చెప్పక్కర్లేదు! ఉప్పల్లో ఇంటి నుంచి నాచారం దాకా స్కూటరు మీద వచ్చేసరికి, దారిలో ఎన్ని గుంతలున్నాయో ఆయన ప్యాంటు చెప్పేది.

మనిషి మారిపోయారు. నవ్వడం మానేశారు. బాధ్యత తెలిసిందని బ్యాంకు మేనేజరు ఆయన్ని గౌరవించడం మొదలుపెట్టాడు. ఎవరింటికి వెళ్లినా నిలబడే మాట్లాడేవారు. “కూర్చోండి” అంటే “వెళ్లాలండీ” అనేవారు. సొంత మేనకోడలి పెళ్లిలో కూడా పందిరి గుంజలా నిలబడి, అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వచ్చేశారు. భార్య కనకమహాలక్ష్మి గారు పరుపు మీద రబ్బరు షీటు పరిచి, ఏమీ అడిగేవారు కాదు. ఆవిడ అడక్కపోవడమే ఆయనకి ఎక్కువ సిగ్గుగా ఉండేది.

ఆబిడ్స్‌లో ఒక మందుల షాపులో పెద్దవాళ్ల డైపరు దొరికింది. అట్టముక్కకి ప్లాస్టిక్ కాగితం అంటించినట్టుంది. వేసుకుని నడిస్తే అప్పడాలు విరిచిన చప్పుడు! ఆయన గదిలోంచి బయటికొస్తే చాలు, టిఫిను వచ్చిందనుకుని వాచ్‌మన్ లేచి నిలబడేవాడు.

చివరికి ఆయన హెడ్ టైలరు దానమ్మని పిలిచారు. పీర్జాదిగూడ నుంచి వచ్చే దానమ్మ ఒక కుట్టు వేసిందంటే, గుడ్డ చిరగాలి తప్ప కుట్టు ఊడదు.

“దానమ్మా, గుడివాడలో నాకో స్నేహితుడున్నాడు. పాపం, అతనికి... ఆగదు.”

“ఏంది సార్ ఆగనిది?”

“అదే... నీరు.”

“అయ్యో! మస్తు తక్లీఫ్ గద సార్. నడుం కొలతెంత?”

“నలభై రెండు.”

“పొట్ట?”

పట్టాభిరామయ్య గారు తనకి తెలియకుండానే పొట్ట లోపలికి లాక్కున్నారు. దానమ్మ మెడలోంచి టేపు తీసింది. “మీది గూడ గంతే ఉంటది గద సార్. మీ కొలతలే తీస్కుంట. మీ దోస్తును ఫికర్ జెయ్యొద్దని జెప్పున్రి” అంది. ఒక్క రవ్వ కూడా నవ్వలేదు.

మొదటి డ్రాయరు ఉత్త దూదితో కుట్టింది. మెత్తగానే ఉంది, కానీ తడిసిన దూది ముద్దయి తొడల మధ్య వేలాడింది. రెండోదానికి నాలుగు పొరల బ్యాండేజీ గుడ్డ వేసి, అంచులకి ఎలాస్టిక్ పెట్టింది. బాగానే పీల్చింది గానీ తొడలు ఒరుసుకుపోయి, పట్టాభిరామయ్య గారు వారం రోజులు కొత్తగా సైకిలు నేర్చుకున్నవాడిలా నడిచారు. “మా స్నేహితుడికి ఒరుసుకుంటోందట” అని చెప్పారు. “మీరు నడుస్తుంటెనే సూసిన సార్” అంది దానమ్మ. ఆ తర్వాత ఆ గుడివాడ స్నేహితుడి ప్రస్తావన ఇద్దరూ తేలేదు.

దారి చూపించింది ద్రాక్షతోట. కనకమహాలక్ష్మి గారి తమ్ముడు సీతారామయ్యకి నారపల్లిలో తోట ఉంది. ఎండలకి తీగలు వాడిపోకుండా మొదళ్లలో ఏదో తెల్లపొడి వేస్తున్నాడు. “చూడండి బావగారూ, విచిత్రం!” అని చెంచాడు పొడి మీద చెంబుడు నీళ్లు పోశాడు. పొడి నీళ్లన్నీ తాగేసి, జున్నుముక్కలా కదలకుండా కూర్చుంది. పైన చెయ్యి పెడితే చెమ్మ కూడా అంటదు! తోటలో అందరూ పొడిని చూశారు. పట్టాభిరామయ్య గారు మాత్రం తన భవిష్యత్తును చూశారు. అరబస్తా అడిగి తెచ్చుకున్నారు.

మూడో డ్రాయరులో ఆ పొడి పోసి కుట్టారు. వేసుకుని చిన్న పరిశ్రమల సంఘం మీటింగుకి వెళ్లారు. పొడంతా జారి వెనక్కి చేరి, తడి తాగి ఉబ్బడం మొదలుపెట్టింది. అధ్యక్షుల వారి ఉపన్యాసం సాగుతున్నకొద్దీ ఆయన కుర్చీలో మెల్లమెల్లగా పైకి లేచారు. వందన సమర్పణ నాటికి పక్కవాళ్లకంటే నాలుగంగుళాలు ఎత్తున్నారు! ఏదో అభ్యంతరం చెప్పడానికి లేస్తున్నాడనుకుని అధ్యక్షుల వారు మైకు కూడా అందించారు.

దానమ్మ ఈ సంగతి విని, “బొంత కుట్టాలె సార్” అంది. పాత చీరలు పొరలు పరిచి బొంత కుట్టినట్టు, జానెడు గుడ్డని చిన్న చిన్న గళ్లుగా కుట్టి, గడికి చిటికెడు చొప్పున పొడి పోసింది. ఒంటికి తగిలే వైపు బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత పంచె వేసింది. గుడ్డని ఏటవాలుగా కత్తిరించింది. ఎలాస్టిక్ పీకేసి నాడా పెట్టింది.

నాలుగో డ్రాయరు వేసుకున్న రోజు పట్టాభిరామయ్య గారు బావమరిది ఇంట్లో సోఫాలో కూర్చున్నారు. మూడు గంటలు కూర్చున్నారు. సీతారామయ్య ఏదో జోకు వేస్తే, చేతులు పైకెత్తి, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వారు. కళ్లమ్మట తప్ప ఇంకెక్కడినుంచీ రాలేదు! లోపల్నుంచి కాఫీ తెస్తున్న కనకమహాలక్ష్మి గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆయన నవ్వు విని ఆర్నెల్లయింది.

అక్కడితో ఆగితే ఆయన మామూలు మనిషి అయ్యుండేవారు. కానీ సుఖపడినవాడు ఊరుకుంటాడా? ఆలోచించడం మొదలుపెట్టారు. మనిషి నాగరికతకి అడ్డం ఏమిటి? బాత్రూము! పని మధ్యలో లేపేది, ప్రయాణం మధ్యలో దింపేది, సినిమాలో మంచి ఘట్టం చూడనివ్వనిది అదే కదా! తనకి ఆ బంధం తెగిపోయింది. మరి తన ఫ్యాక్టరీలోని ముప్ఫై ఇద్దరు ఆడవాళ్ల మాటేమిటి?

ఆ ఆడవాళ్ల సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఫ్యాక్టరీ మూలన వాళ్లకో మరుగుదొడ్డి ఉండేది. ఆరేళ్ల కిందట వానలకి దాని కప్పు కూలింది. పట్టాభిరామయ్య గారు వెంటనే బాగుచేయించి, అందులో దూది బస్తాలు వేయించారు. దూది తడవకూడదు కదా! ఆడవాళ్లు కొన్నాళ్లు వెనక తుమ్మచెట్ల చాటుకి వెళ్లేవారు. అక్కడ కొత్త కంపెనీ వచ్చి గోడ కట్టేసింది. ఆ తర్వాత ఒక్కరూ పని మధ్యలో బయటికి వెళ్తాననలేదు. ఎంత నిగ్రహం! ఆయన దాన్ని చాలాచోట్ల మెచ్చుకున్నారు కూడా. అలాంటివాళ్లకి ఏదైనా మేలు చెయ్యొద్దూ?

దానమ్మ చేత ముప్ఫై రెండు డ్రాయర్లు కుట్టించారు. ‘నిశ్చింత’ అని పేరు పెట్టారు. ఒక సోమవారం పొద్దున అందరినీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

“అమ్మా! ఇకమీదట మీకు తలుపు అక్కర్లేదు, గోడ అక్కర్లేదు, నీళ్ల బకెట్టు అక్కర్లేదు! మీరెక్కడ కూర్చుంటే అక్కడే స్వేచ్ఛ! ఇది నేను స్వయంగా అనుభవించి చెబుతున్న మాట!”

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గౌన్లకి కాజాలు కుట్టే తారామణి కొంగు నోట్లో కుక్కుకుంది. దానమ్మ మాత్రం ఆయన ముఖంలోకి ఓసారి చూసి, తల దించుకుంది.

సాయంత్రం దూది తూచే కాటా మీద డ్రాయర్లు తూచారు. పొద్దున ఎంత బరువున్నాయో అంతే ఉన్నాయి. ఒక్కటీ తడవలేదు! మంగళవారం అంతే. బుధవారం అంతే. పట్టాభిరామయ్య గారు కాటాని మరోసారి సరిచూసుకున్నారు. తన డ్రాయరు సాయంత్రానికి పనసకాయంత బరువెక్కుతుంది. వీళ్లవి పొడిగా ఉన్నాయంటే ఏమిటర్థం? ఆడవాళ్ల ఒంటి వేడికి తడి ఆవిరైపోతోంది! పీల్చడం ఒక మెట్టు, మాయం చెయ్యడం పైమెట్టు! రాష్ట్ర ప్రభుత్వానికి రాయాలా, కేంద్రానికి రాయాలా అని ఆయన తేల్చుకోలేకపోయారు.

గురువారం మధ్యాహ్నం తారామణి మిషను మీదనుంచి పక్కకి ఒరిగి పడిపోయింది.

ఆటోలో ఆయనా దానమ్మా కలిసి దగ్గర్లోని దవాఖానాకి తీసుకెళ్లారు. ఒళ్లు కాలిపోతోంది. నడుం పట్టుకుని మెలికలు తిరుగుతోంది. డాక్టరమ్మ సెలైను పెట్టించి, బయటికొచ్చి అడిగింది.

“మూత్రంలో ఇన్‌ఫెక్షన్. కిడ్నీల దాకా పోయింది. ఈ ఎండల్లో ఈ పిల్ల అసలు నీళ్లు తాగుతోందా?”

“మా దగ్గర నీళ్లకేం కొదవండీ!” అన్నారు పట్టాభిరామయ్య గారు నొచ్చుకుంటూ. “కుండలున్నాయి, గ్లాసులున్నాయి...”

“తాగది డాక్టరమ్మా” అంది దానమ్మ. “మేమెవ్వరం తాగం. ఇంట్లకెల్లి బయలెల్లే ముంగట ఆపితే, మల్ల ఇంటికి పొయినంకనే. తాగితే పోవాలె గద. పోనీకి జాగ యాడుంది?”

“ఎప్పట్నుంచి?”

“ఆ గోడ కట్టినప్పటి సంది.”

డాక్టరమ్మ లోపలికి వెళ్లిపోయింది. పట్టాభిరామయ్య గారికి నోరెండిపోయింది. అంతకు ముందే దవాఖానా కూలరు దగ్గర రెండు గ్లాసులు తాగారు, అయినా ఎండిపోయింది.

“మరి... డ్రాయర్లు?” అన్నారు మెల్లగా.

“తడిస్తె గద సార్, బరువెక్కేది.”

“నాకెందుకు చెప్పలేదు దానమ్మా?”

“మూడుసార్లు జెప్పిన సార్, దూది బస్తాలు యాడ పెట్టాలె అన్నరు.” దానమ్మ గొంతు పెంచలేదు. “మీరేసుకున్నది రోగానికి. రోగానికైతే గది మస్తు మంచిది, మీకోసమని మనసు బెట్టి కుట్టిన. మాకు రోగం లేదు సార్. తలుపున్న జాగ లేదు.”

ఆయన బెంచీ మీద కూర్చుండిపోయారు. ఆర్నెల్లు తాను ఎవరింటా కూర్చోకపోవడం, పెళ్లిలో తినకుండా రావడం గుర్తొచ్చాయి. ఆర్నెల్లకే తనకి బతుకు మీద విరక్తి పుట్టింది. వీళ్లవి ఆరేళ్లు. తన నడక చూసి నొప్పి కనిపెట్టిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె నడకని తానెప్పుడైనా చూశారా?

మర్నాడు పొద్దున దూది బస్తాలు ఆయన ఆఫీసు గదిలోకి మారాయి. మేస్త్రీ మొగిలయ్య వచ్చి మూడు వారాల్లో నాలుగు మరుగుదొడ్లు కట్టాడు. తలుపులు, గొళ్లేలు, లోపల కుళాయిలు. తారామణి కోలుకుని, చిక్కిపోయిన ముఖంతో మళ్లీ కాజాలకి వచ్చింది. తడవని ముప్ఫై రెండు డ్రాయర్లనీ దానమ్మ అడిగి తీసుకుంది. వాటిని నీరు ఆగని ముసలివాళ్ల కొలతలకి సరిచేసి, తమ చర్చిలో పంచింది. ఏళ్ల తరబడి ఆరాధనకి రావడం మానేసిన పెద్దమనుషులు కొందరు ఆ ఆదివారం వచ్చి, చివరి పాట దాకా కూర్చున్నారట.

పట్టాభిరామయ్య గారు ఘనకార్యం ఏదైనా చేస్తే చెప్పుకోకుండా ఉండలేరు కదా! సంఘం మీటింగులో ఈసారి సమానమైన ఎత్తులో కూర్చుని, పిలవగానే లేచి మాట్లాడారు. డ్రాయరు సంగతీ, కాటా సంగతీ, దవాఖానా సంగతీ ఒక్కటీ దాచలేదు. “అయ్యా, మా ఆడవాళ్లు ఇప్పుడు పూటకి నాలుగు కుండల నీళ్లు తాగుతున్నారు. మా ఫ్యాక్టరీలో దాహం అనేది నేనే ప్రవేశపెట్టాను!” అన్నారు. చప్పట్లు మారుమోగాయి.

మీటింగయ్యాక పదకొండు మంది ఓనర్లు ఆయన చుట్టూ మూగారు. అందరి కళ్లూ చెమర్చి ఉన్నాయి. ఒకాయన ఆయన చెయ్యి పట్టుకుని, “కదిలించారండీ! మా దగ్గర నూట ఇరవై మంది ఆడవాళ్లున్నారు. ఆ డ్రాయర్లు ఎక్కడ దొరుకుతాయో చెబుదురూ!” అన్నాడు. మిగతా పదిమందీ జేబుల్లోంచి పెన్నులు తీశారు.

పట్టాభిరామయ్య గారు ఒక్కొక్కరి ముఖం చూశారు. తర్వాత ఓపిగ్గా పదకొండు చీటీల మీద ఒకే అడ్రసు రాసి, తలా ఒకటి ఇచ్చారు.

మొదటాయన చీటీ విప్పి చదివాడు. “మొగిలయ్యా? మగాడేనా! బాగా కుడతాడా?”

“కుట్టడండీ” అన్నారు పట్టాభిరామయ్య గారు. “కడతాడు.”