అల్లుడి తుపాకి, మామగారి గురి

ఆ ఆదివారానికి హాల్వర్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం, పదింటికి పది తూటాలు కాల్చడం, పదకొండింటికి తన తుపాకి గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా కాఫీ తాగడం. మూడోదే కష్టమని అతనికి తెలుసు. బ్రెక్కెదాల్ లోయలో సొంత గొప్ప చెప్పుకునేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. తమ తమ కాఫీ కప్పుల్లోకి చూస్తూ ఊరుకుంటారు, అంతే. అలా చూసిన సంగతి మాత్రం చాలా ఏళ్ళు గుర్తు పెట్టుకుంటారు.

హాల్వర్ పాలకేంద్రంలో పాలలో వెన్న శాతం కొలుస్తాడు. నలభై మూడేళ్ళు వచ్చినా తన చేత్తో ఒక్క వస్తువూ చెయ్యలేదన్న ఆలోచన ఒక చలికాలంలో అతన్ని పట్టుకుంది, మరి వదల్లేదు. పోటీల్లో వాడే కొత్త తుపాకి అతని జీతానికి అందదు. అందుకని యుద్ధం నాటి సైనిక తుపాకి నుంచి బోల్టునీ దాని ఇనుప పెట్టెనీ తీసుకున్నాడు. ఎవరో పోటీదారు అరిగిందని పక్కన పడేసిన గొట్టం తెచ్చి, అరిగిన మేర కోయించి బిగించాడు. బిర్చి దుంగ తెచ్చి ఆర్నెల్లు చెక్కి దానికి చెక్క భాగం చేశాడు. దూరపు టార్గెట్‌ని దగ్గరగా చూపించే స్కోపు కూడా ఎవరో వాడినదే. మొత్తం పధ్నాలుగు నెలల పని.

బుధవారం సాయంత్రం రేంజ్‌లో ఎవరూ లేని సమయం చూసుకుని, ఒకే ఒక్క టార్గెట్ నిలబెట్టి, ఐదు తూటాలు కాల్చాడు. ఐదు కన్నాలూ ఒక నాణెం కింద దాగాయి. హాల్వర్ ఆ నాణేన్ని కాగితం మీద పెట్టి తీసి, మళ్ళీ పెట్టి తీసి, చీకటి పడ్డాక ఇంటికి వెళ్ళాడు.

జిల్లా పోటీకి క్లబ్బు పంపే జట్టులో నాలుగో చోటు ఖాళీగా ఉంది. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం కాల్చినవాళ్ళలో ఎవరి స్కోరు తొంభై దాటి, అన్నిటికన్నా ఎక్కువైతే వాళ్ళకే అది. హాల్వర్‌కి జట్టు మీద అంత మోజు లేదు. తన చేతులకు ఏమైనా వచ్చునా రాదా అన్న ప్రశ్నకు నలుగురి ముందూ, కాగితం మీద, అంకెల్లో జవాబు కావాలి.

రేంజ్‌లో ఆరు చోట్లు, రెండు వందల మీటర్ల అవతల నంబర్లు వేసిన ఆరు టార్గెట్లు. వాటి కింద కందకంలో ఇద్దరు ముగ్గురు నిలబడి, కాల్పులు ఆగాక కాగితాలు దించి, కన్నాలు లెక్కపెట్టి ఫోనులో చెబుతారు. హాల్వర్‌ది మూడో చోటు. దాని ఎడమ పక్కనే పైకప్పు స్తంభం ఉంది. మోచెయ్యి తగులుతోందని అతను చాపను కొంచెం ఏటవాలుగా జరుపుకుని పడుకున్నాడు. నాలుగో చోట అతని మామగారు ఓస్మున్. వయసు డెబ్బై నాలుగు. ఆయన తుపాకికి స్కోపు లేదు, వంకలు పెట్టడానికి కొత్తదేమీ లేదు.

"అల్లుడూ, అది తుపాకా, కుర్చీ కాలా?"

"చెక్క అదే మామయ్యా."

"సరే, గురి కుదరకపోతే కూర్చోడానికి పనికొస్తుందిలే."

నాలుగు నిమిషాల్లో పది తూటాలు, వందకి స్కోరు. హాల్వర్ స్కోపును చివరిదాకా తిప్పి పెట్టుకున్నాడు. కంటి నిండా నల్లటి వృత్తమే కనిపించింది. ఊపిరి ఆపి, వేలితో మీట మెల్లగా నొక్కాడు. పదిసార్లూ తుపాకి తను అనుకున్నట్టే భుజాన్ని తట్టింది. లేచి కూర్చున్నప్పుడు అతని మనసులో అనుమానం అనేది లేదు.

క్లబ్బు కార్యదర్శి గుద్రూన్ ఫోను చెవికి పెట్టుకుని, ఒక్కొక్క నంబరూ, దాని స్కోరూ గట్టిగా చెప్పసాగింది. మూడు దగ్గరికి వచ్చి ఆగింది.

"మళ్ళీ చూడండి," అంది ఫోనులోకి. తర్వాత గొంతు తగ్గించి, "మూడు, సున్నా. కాగితం తెల్లగా ఉందిట. నాలుగు, తొంభై ఆరు," అంది.

ఓస్మున్ కిందటేడు కాల్చిన అత్యుత్తమ స్కోరు అరవై ఒకటి. ఆయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పొద్దున్నే చేపనూనె రెండు చెంచాలు తాగుతున్నాలే, దాని ప్రభావం," అన్నాడు. మిగిలినవాళ్ళంతా తమ కాఫీ కప్పుల్లోకి చూశారు.

హాల్వర్ మరలన్నీ బిగించి మళ్ళీ కాల్చాడు. మూడు, సున్నా. నాలుగు, తొంభై ఏడు.

"ఓ పని చెయ్యండి," అంది గుద్రూన్. "తుపాకులు మార్చుకుని కాల్చండి. లోపం మనిషిదో దానిదో తేలిపోతుంది."

హాల్వర్ ముఖం వెలిగింది. లాబొరేటరీలో అయితే తనూ అదే చేసేవాడు. స్కోపు లేని మామగారి పాత తుపాకితో, మామూలు కంటితో నంబరు చూసుకుని కాల్చాడు. మూడు, డెబ్బై ఎనిమిది. అల్లుడి కొత్త తుపాకితో మామగారు కాల్చాడు. నాలుగు, సున్నా.

"చూశావా," అన్నాడు ఓస్మున్ అతని వీపు తడుతూ. "నీలో ఏ లోపమూ లేదు అల్లుడూ. తుపాకే పనికిమాలింది."

ఇంతకన్నా బాధపెట్టే ఓదార్పు హాల్వర్ ఎరగడు. అయితే బాధ వెనకాల అతని బుర్ర అప్పటికే పని మొదలుపెట్టింది. బుధవారం నాణెం కింద దాగిన తూటాలు ఆదివారానికి ఎక్కడికి పోయాయి? ఆకాశంలోకా? భూమిలోకా? ఇంటికి నడుస్తూ నాలుగు కారణాలు కనిపెట్టాడు. నాలుగూ తుపాకి లోపలివే.

సోమవారం నాటికి నాలుగింట్లో ఒకటి మిగిలింది. ఇనుప భాగం చెక్కలో సరిగా ఆనడం లేదు. దానికి మందు తెలుసు. రెండు ట్యూబుల జిగురు కలిపి చెక్క గాడిలో పోసి, ఇనుము మీద మైనం రాసి అందులో కూర్చోబెట్టాలి. ఆరాక ఇనుము ఊడివస్తుంది, జిగురులో దాని అచ్చు మిగులుతుంది. జిగురు కలుపుతూ కలుపుతూ హాల్వర్, రెండు ద్రవాలు కలిస్తే గట్టిపడాలని వాటికి ఎలా తెలుస్తుందా అన్న ఆలోచనలో పడ్డాడు. చాలా మంచి ఆలోచన అది. మంగళవారం ఇనుము ఊడిరాకపోయినప్పుడు మైనం డబ్బా వైపు చూశాడు. మూత తీసిన గుర్తు లేదు.

గట్టిగా చలి తగిలితే జిగురు పట్టు విడుస్తుందని ఎక్కడో చదివాడు. నేలమాళిగలో పెద్ద ఫ్రీజరు ఉంది. తుపాకిని అందులో ఐమూలగా పెట్టినా గొట్టం చివర జానెడు బయటికొచ్చింది. మూత దాని మీదే ఆనించి, సందులో దుప్పటి కుక్కి, మీద బంగాళాదుంపల బస్తా పెట్టాడు. బుధవారం సాయంత్రం అతని భార్య తోర్డిస్ కూరకని కిందికి దిగింది.

"హాల్వర్! ఫ్రీజర్లో తుపాకి ఎందుకుంది?"

"చల్లబడటానికి."

"మరి దుప్పి మాంసం ఎందుకు వెచ్చగా ఉంది?"

హాల్వర్ మెట్ల మీద నిలబడి నిజంగానే ఆలోచించాడు. "సందులోంచి గాలి ఎంత వేగంతో వెళ్తే..."

"ముప్పై కిలోలు! ఈ శరత్కాలం వేట మొదలయ్యేదాకా ఉంటుందనుకున్నది. తుపాకి అయినా ఊడిందా?"

"లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది."

"దానికున్న పట్టుదల నీకుంటే బావుండేది," అని తోర్డిస్ ఫోను అందుకుంది.

కరిగిన మాంసాన్ని మళ్ళీ గడ్డకట్టించకూడదు, పారెయ్యడం అంతకన్నా పాపం. గురువారం సాయంత్రానికి క్లబ్బు క్లబ్బంతా, పద్దెనిమిది మంది, మడత కుర్చీలు పట్టుకుని వచ్చేశారు. ఉడికించిన బంగాళాదుంపలు, ఎర్ర బెర్రీల జాము, రెండు పెద్ద గిన్నెల మాంసం పులుసు. మాంసం ఎందుకు కరిగిందో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు.

మూడోసారి వడ్డించాక ఓస్మున్ చెంచాతో గ్లాసు మోగించి లేచాడు. ఉపన్యాసం తప్పదని అందరూ కుర్చీలు తిప్పుకున్నారు. యాభై ఏళ్ళుగా తాను కాలుస్తున్నాననీ, ఇన్నాళ్ళకు తన చెయ్యీ కన్నూ తుపాకీ ఒక్కటయ్యాయనీ, చిన్నవాళ్ళు కొత్త సరంజామా వెంట పరుగెత్తకుండా ఉన్నదాన్ని నమ్ముకోవాలనీ చెప్పాడు. అల్లుడి వైపు చూసి, "ఎవర్నీ ఉద్దేశించి కాదు," అని కూడా అన్నాడు. వచ్చే ఆదివారం ఏ అద్భుతమూ జరక్కపోతే నాలుగో చోటు ఓస్మున్ గారిదేనంది గుద్రూన్. చప్పట్లు కొట్టారు. హాల్వర్ కూడా కొట్టాడు. తన చేతులకు ఆ పని మాత్రం చక్కగా వచ్చునని గమనించాడు.

తోర్డిస్ చప్పట్లు కొట్టలేదు. ఉపన్యాసం ముగించి కూర్చున్న తండ్రి, గరిటెడు పులుసు పళ్ళేనికి బెత్తెడు ఇవతల బల్లగుడ్డ మీద పోసుకోవడం చూస్తూ ఉండిపోయింది.

రెండో ఆదివారం కందకంలో కాగితాలు చూసే వంతు తోర్డిస్‌ది. హాల్వర్ మళ్ళీ మూడో చోటికి వచ్చి, స్తంభం నుంచి చాప జరుపుకుని పడుకున్నాడు. గెలుస్తానని కాదు. జిగురు పట్టేశాక తూటాలు ఎటు పోతున్నాయో తెలుసుకోకుండా ఇంట్లో కూర్చోవడం అతని వల్ల కాదు. పది కాల్చాడు. పక్కన మామగారూ పది కాల్చాడు.

గుద్రూన్ ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నది.

"మూడు, సున్నా. నాలుగు... ఏంటి? ఎన్ని మిల్లీమీటర్లు? నువ్వు లెక్కపెట్టమ్మా, కొలవమని ఎవరన్నారు? ఏంటీ, పైకొస్తున్నావా?"

కాల్పులు ఆపమని ఎర్రజెండా లేచింది. తోర్డిస్ కాగితం చుట్టి పట్టుకుని, రెండు వందల మీటర్లూ తొందర లేకుండా నడిచి వచ్చింది. జుట్టు నిండా మట్టి. కాఫీతో తినే వాఫుల్స్ పళ్ళెం పక్కకు జరిపి, నాలుగో నంబరు కాగితాన్ని బల్ల మీద పరిచింది. తండ్రి పెట్టెలోంచి ఒక తూటా తీసి, దాని మొనను కన్నంలో పెట్టింది. పట్టలేదు. మొగుడి పెట్టెలోంచి ఒకటి తీసి పెట్టింది. సరిగ్గా కూర్చుంది.

"నాన్నా, నీ తూటా లావు. ఈ కన్నాలు నీవి కావు."

"కాగితం కుంచించుకుపోయుంటుంది. తడి వాతావరణం," అన్నాడు ఓస్మున్.

"నీ పదీ కందకం పక్క మట్టికట్టలో పడ్డాయి. ఒక్కొక్కటి పడ్డప్పుడల్లా మట్టి నా నెత్తిన పడింది," అని తోర్డిస్ జుట్టు దులిపింది. వాఫుల్స్ మీద మట్టి రాలింది. "మంగళవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం."

ఓస్మున్ ఏదో అనబోయి, తన కప్పు కోసం చెయ్యి చాచి, గుద్రూన్ కప్పు తీసుకుని తాగాడు.

గుద్రూన్ వెళ్ళి హాల్వర్ చాప మీద బోర్లా పడుకుంది. ఇసుక సంచీ మీద ఉన్న తుపాకిని కదల్చకుండా స్కోపులోకి చూసింది.

"ఒక్క నల్ల వృత్తమే కనిపిస్తోంది. నంబరేదీ?"

"నంబరు దానికింద ఉంటుంది. అంత పెద్దగా చూస్తే స్కోపులో పట్టదు," అన్నాడు హాల్వర్.

"మరి ఇది మూడో టార్గెటని నీకెలా తెలుసయ్యా?"

"నేను మూడో చోట పడుకున్నాను కదా."

ఆ మాట నోటి నుంచి వచ్చాక, అది ఎలాంటి మాటో హాల్వర్‌కే వినపడింది. గుద్రూన్ స్కోపు వెనక్కి తిప్పింది. వృత్తం చిన్నదైంది, దాని కింద నంబరు తేలింది. నాలుగు. చాప ఏటవాలుకి తుపాకి నేరుగా పొరుగువాడి వాకిట్లోకే చూస్తోంది.

ఇప్పుడు తను సిగ్గుపడాలని హాల్వర్‌కి తెలుసు. సిగ్గు కోసం లోపల వెతికాడు కూడా. అక్కడ దానికి చోటు లేదు. రెండు ఆదివారాలుగా మాయమైన తూటాలన్నీ ఒక్కసారిగా ఇల్లు చేరాయి. తొంభై ఆరూ, తొంభై ఏడూ, రెండూ తనవే! బల్ల దగ్గరికి పరుగెత్తి కాగితం మీద వంగాడు. "జిగురు తర్వాత ఇంకా దగ్గరగా పడుతున్నాయి! తోర్డిస్, ఇదిగో చూడు, పదికి పదీ నాణెం కింద దాగుతాయి! అంటే మైనం రాయకపోవడమే..."

"నీ స్కోరు సున్నా," అంది గుద్రూన్. "పక్కవాడి కాగితం మీద పడ్డవి లెక్కలోకి రావు. ఓస్మున్ గారివి అసలు పడనే లేదు. మిగిలినవాళ్ళెవరూ తొంభై దాటలేదు. నాలుగో చోటు మళ్ళీ ఖాళీ." ఆమె గడియారం చూసింది. "ఇంకో వరసకి టైముంది. తుపాకి దొరికింది, మనిషే కావాలి."

హాల్వర్ చాప వైపు ఒక అడుగు వేశాడు. అప్పటికే తోర్డిస్ చాప మీద ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆమె తుపాకి పట్టలేదు. అంతకు ముందు ఈ రేంజ్‌లో ఆమె పక్కన పడుకోవడానికి మగపిల్లలు జంకేవారు, ఆ సంగతి పెద్దవాళ్ళకే తెలుసు. చాపను స్తంభానికి ఆనించి తిన్నగా పరుచుకుంది. స్కోపు తగ్గించి చూసి, "మూడు," అని పైకి చదివింది. తర్వాత స్కోపు పెంచుకుంది.

"అది నీకు అలవాటు లేని తుపాకి," అన్నాడు హాల్వర్.

"ఆర్నెల్లు వంటింట్లో దాని పొట్టు ఊడ్చాను. నాకు తెలీనిదేముంది?"

పది చప్పుళ్ళు. ఒకే తీరున, ఒకే ఎడంతో. కందకంలోకి వేరే మనిషి వెళ్ళి చెప్పిన అంకెను గుద్రూన్ రెండుసార్లు అడిగి, "మూడు, తొంభై ఎనిమిది," అంది.

ఈసారి ఎవరూ కప్పుల్లోకి చూడలేదు. ఓస్మున్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. "కళ్ళు నా పోలికే," అన్నాడు.

గుద్రూన్ పుస్తకం తెరిచి నాలుగో పేరు రాసింది. హాల్వర్ భార్య పక్కన గొంతుక్కూర్చుని, అంతవరకూ ఎవర్నీ అడగలేకపోయిన ప్రశ్న అడిగాడు.

"ఎలా ఉంది?"

తోర్డిస్ చెంప ఇంకా చెక్కకు ఆనే ఉంది. "బావుంది," అంది. ఆ లోయలో అంతకన్నా పెద్ద మాట లేదు. "చాలా బావుంది హాల్వర్. నాకైతే చెక్క వెనకవైపు రెండు వేళ్ళంత పొడుగెక్కువ. కోసి తగ్గించు."

హాల్వర్ జేబులోంచి టేపు తీసి, ఆమె భుజం నుంచి వేలి దాకా కొలిచి, తప్పు రాకూడదని మళ్ళీ కొలిచాడు.

జిల్లా పోటీకి అతను కూడా వెళ్ళాడు. తుపాకి పెట్టె మోసేవాళ్ళకు అక్కడ నంబరు ఇవ్వరు కాబట్టి ఏ పొరపాటూ జరగలేదు.