నూలు తేడా లేని పెట్టె

హైదరాబాదు కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన మరుసటి ఏడాది, ఒక ఆదివారం పొద్దున విఠల్‌రావు వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఎనిమిదింటికి తంబూరాను పెట్టెలో పెట్టాలి. తొమ్మిదింటికి రిక్షా ఎక్కాలి. పదింటికల్లా శాలిబండ బడిలో జరిగే చేతిపనుల పోటీలో దాన్ని బల్ల మీద నిలబెట్టాలి. ఆ తర్వాత తానుండే యాకుత్‌పురాలో ఎవడైనా దాన్ని సొరబుర్ర అంటే వాడి సంగతి చూడాలి.

మూడేళ్ళుగా ఆ మాట పడుతూనే ఉన్నాడాయన. నీళ్ళ ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తూ, సాయంత్రాలు వాకిట్లో కూచుని, పండరిపురం నుంచి తెప్పించిన బుర్రను కోసి, కర్ర అతికించి, తీగలు బిగించే బిరడాలు చెక్కి, తన చేతులతో తంబూరా చేశాడు. దారిన పోయే ప్రతివాడూ "రావుసాబ్, పులుసు ఎప్పుడు?" అని అడిగినవాడే.

పెట్టె పని ఛత్రినాక వడ్రంగి దుర్గయ్యకు అప్పగించాడు. "లోపల కదలొద్దు దుర్గయ్యా. వెంట్రుక గూడ దూరొద్దు" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పేసరికి దుర్గయ్యకు రోషం వచ్చింది. "నూలు తేడా వస్తే నా ఉలి మూసీల పారేస్త సాబ్" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. తంబూరా ఒంపులకు సరిగ్గా సరిపోయేలా టేకు పెట్టె చేసి, లోపల ఎర్ర మఖమలు పరిచి, ఆ పొద్దున్నే స్వయంగా మోసుకొచ్చాడు.

అంతకు గంట ముందే, బుర్ర వెనక కొంచెం మసకగా కనబడిందని విఠల్‌రావు ఇంకో పూత వార్నిషు వేశాడు.

"ఆరనియ్యున్రి" అంది భార్య అహల్య.

"ఆరింది" అన్నాడాయన, వేలితో తాకి చూడకుండానే.

తంబూరా పెట్టెలో దిగింది. మూత పడింది. పెట్టెను ఊపి చూశారు. చప్పుడు లేదు. "చూసిన్రా!" అని దుర్గయ్య మీసం దువ్వాడు. ముగ్గురూ రెండు రిక్షాల్లో బయలుదేరారు.

బడిలో వాళ్ళకు దొరికిన బల్లకు ఒకవైపు రుక్మాబాయి అనే ఆవిడ అల్లిన పూసల నెమలి ఉంది. రెండోవైపు పెట్టెను దించారు. విఠల్‌రావు మూత తీసి, చుట్టుపక్కల వాళ్ళు ఇటు చూసేలా ఒకసారి దగ్గి, తంబూరా మెడ పట్టుకుని ఎత్తాడు. తంబూరాతో పాటు పెట్టె కూడా లేచింది.

"ఏందిది?"

"గట్టిగ కూసుంది సాబ్. నేను జెప్పలే?"

"కూసోవాలన్న గని, లేవొద్దన్ననా?"

దుర్గయ్య పెట్టెను పట్టుకున్నాడు. విఠల్‌రావు తంబూరాను పట్టుకున్నాడు. "ఏక్, దో, తీన్!" అని ఇద్దరూ గుంజారు. పెట్టె మాత్రం పట్టు వదల్లేదు. బల్ల ఒరిగింది, నెమలి కింద పడింది, పూసలు హాలంతా పరుగెత్తాయి.

"అయ్యో, నా ఆర్నెల్ల కష్టం!" అని రుక్మాబాయి లొల్లి మొదలుపెట్టింది.

"మీది ఆర్నెల్లే అమ్మా! నాది మూడేండ్లు!" అన్నాడు విఠల్‌రావు. దాంతో హాల్లోని ఆడవాళ్ళందరూ రుక్మాబాయి పక్షం చేరారు.

దుర్గయ్య వంగి మఖమలు దగ్గర ముక్కు పెట్టాడు. "సాబ్, ఇది పచ్చి వార్నిషు. మఖమలుకు అంటుకపోయింది."

"పచ్చిది గాదు!"

"ఆరనియ్యున్రి అన్న" అంది అహల్య, ఎవరితోనో అన్నట్టు గోడవైపు చూస్తూ.

చుట్టూ జనం మూగారు. ఒకరు కిరసనాయిలు పొయ్యమన్నారు. ఒకరు వేడినీళ్ళు మంచివన్నారు. సలహా ఇచ్చే ప్రతివాడూ తనను చూసి నవ్వుతున్నట్టే తోచింది విఠల్‌రావుకు. ఒళ్ళు మండిపోయి, "దుర్గయ్యా, పెట్టె కొయ్యి!" అన్నాడు.

దుర్గయ్య చేతులు చాపి పెట్టెకు అడ్డం నిలబడ్డాడు. "నా పెట్టె మీద రంపం పెడ్తరా? పదిహేను దినాలు నిద్ర లేకుండ చేసిన. కావాల్నంటే మీ సొరబుర్రను కోసుకోన్రి!"

సొరబుర్ర! తన పెట్టె చేసినవాడి నోట! 

సరిగ్గా అప్పుడే బహుమతులు నిర్ణయించే రామ్‌చందర్ వచ్చాడు. పాత డ్రాయింగు మాస్టారు. పెట్టె ముందు ఆగి, అతుకుల మీద వేలు నడిపి, "ఎవరు చేసిన్రు?" అని అడిగాడు.

"నేనే! ఈ చేతుల్తోటి!" అన్నాడు విఠల్‌రావు.

"ఈ పెట్టెనా?"

"కాదు కాదు. పెట్టె ఇగో, ఈ దుర్మార్గుడు చేసిండు. పేరు దుర్గయ్య."

మాస్టారు చీటీ మీద ఆ పేరు రాసుకున్నాడు. "మూలలు మస్తు కుదిరినయ్ దుర్గయ్యా. లోపల తంబూరా బొమ్మ గూడ మంచిగ చెక్కినవ్."

"బొమ్మ గాదు! అసలు తంబూరా!"

"అట్లనా? అయితే బయటికి తీసి వాయించున్రి."

హాల్లో వాళ్ళంతా మెడలు చాచారు. విఠల్‌రావు చెమట తుడుచుకుని, పెట్టెలోకే చేయి పెట్టి తీగలు మీటాడు. మఖమల్లో కూరుకుపోయిన బుర్ర, తలగడను కొట్టినట్టు "బుఫ్" మని ఊరుకుంది. మాస్టారు జాలిగా తల ఊపి, బొమ్మకు తీగలు కూడా ఉన్నాయని రాసుకుని ముందుకు సాగాడు.

మధ్యాహ్నానికి పెట్టెకు పచ్చ రిబ్బను పడింది. 'తంబూరా అలంకారం గల పెట్టె. చెక్కపనిలో మొదటి బహుమతి. దుర్గయ్య, ఛత్రినాక.' జనం దుర్గయ్యను భుజాల మీద ఎత్తుకోవడమొక్కటే తక్కువ. విఠల్‌రావు పెట్టె మీద చేయి వేయబోతే కాపలావాడు ఆపాడు.

"గెలిచిన సామాను పది దినాలు ఇక్కడ్నే ఉంటది సాబ్. ముట్టుకోవద్దు."

"అది నాదయ్యా!"

కాపలావాడు చీటీ చదివి, ఆయన్ను కిందికీ మీదికీ చూశాడు. "మీరు దుర్గయ్యనా?"

ఆ పది రోజులూ విఠల్‌రావు ఆఫీసు నుంచి నేరుగా శాలిబండకు పోయి, అందరితో పాటు వరుసలో నిలబడి, తన తంబూరాను చూసి వచ్చాడు.