పులిరాజు ఉమ్మి పరీక్ష

ఒక పెద్ద అడవిలో నీళ్ళు తక్కువ, రాజుగారి చుట్టాలమని చెప్పుకునేవాళ్ళు ఎక్కువ. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అడవి మొత్తానికి మిగిలింది ఒక్క మడుగు. దాని గట్టున తరతరాలుగా పొడల దుప్పులు కాపురముంటున్నాయి. ఆ గట్టు మీద మంత్రి నక్క కన్ను పడింది.

నక్క వెళ్ళి పులిరాజు శార్దూలరాయుడి చెవిలో ఊదింది.

"ప్రభూ, దారినపోయే ప్రతివాడూ రాజబంధువునంటున్నాడు. డీఎన్ఏ పరీక్ష పెట్టిద్దాం. తమరితో రక్తసంబంధం తేలినవాళ్ళే మడుగు దగ్గర ఉండాలి. మిగతావాళ్ళు రాళ్ళగుట్టకు పోవాలి. బంధువుల్ని వేటాడనని కూడా ఒక మాట కలపండి, తమరి మంచితనం లోకానికి తెలుస్తుంది."

పులికి బంధువులంటే పులులే కదా, తన కంచంలోంచి పోయేదేముందని రాజు సరేనన్నాడు. సొంతంగా ఆలోచించే అలవాటు ఆయనకు మొదటినుంచీ లేదు.

ఈ కబురు పొడలమ్మ అనే దుప్పి చెవిన పడింది. మొన్ననే ఈనింది. కూన ఇంకా తూలుతూ నడుస్తోంది. రాళ్ళగుట్ట మీద గుక్కెడు నీళ్ళుండవు. నీళ్ళు లేకపోతే పాలుండవు, పాలు లేకపోతే కూన దక్కదు.

పరీక్ష చేసేది గుడ్లగూబ డాక్టరు. పట్నంలో ఒక ల్యాబు చూరులో చాలాకాలం ఉండి వచ్చాడు.

"బిడ్డకు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది," అని ఆయన అందరికీ వివరించాడు. "ఒక కడుపున పుట్టినవాళ్ళకు ఇంచుమించు సగం కలుస్తుంది. పినతండ్రి పిల్లలకు అంతకంటే తక్కువ. చుట్టరికం దూరమయ్యేకొద్దీ పలచబడిపోతుంది. ముందు రాజుగారి ఉమ్మి తీసుకుంటాను. మీ అందరిదీ దాంతో పోల్చి చూస్తాను."

రాజుగారు ఆలస్యంగా, పొదల వెనకనుంచి మూతి నాక్కుంటూ వచ్చాడు.

"ప్రభూ, ఏమైనా తిన్నారా? నోరు ఖాళీగా ఉండాలి," అన్నాడు డాక్టరు.

"నన్నా అడుగుతున్నావు? కార్తీకమాసమంతా దుంపలూ పళ్ళేనని దండోరా వేయించినవాణ్ణి!" అని గర్జించి, రాజుగారు గొట్టంలోకి ఘనంగా ఉమ్మాడు.

డాక్టరుకు వాసన వచ్చింది. ఉద్యోగం కూడా గుర్తొచ్చింది. గొట్టానికి మూత బిగించాడు.

ఫలితాలు చదివే రోజున అడవి అంతా మడుగు దగ్గర చేరింది. డాక్టరు కళ్ళు మామూలుకంటే పెద్దవయ్యాయి.

"పొడల దుప్పులందరికీ రాజుగారితో చుట్టరికం ఉంది. పొడలమ్మకైతే దాదాపు సగం కలిసింది. శాస్త్రం ప్రకారం రాజుగారు ఈవిడ తోడబుట్టినవాడు."

"మా అమ్మనంటావా!" అని రాజు లేచాడు.

"నేనేమీ అనలేదు ప్రభూ. గొట్టం అంది."

కోతులు పడీపడీ నవ్వాయి. పొడలమ్మ నవ్వలేదు.

"డాక్టరుగారూ, నాకు ఒక్కడే అన్న. మీరు ఉమ్మి తీసిన రోజు పొద్దున్నే మేతకని వెళ్ళాడు. ఇంతవరకూ రాలేదు," అంది.

నవ్వులు ఆగిపోయాయి. అందరూ రాజుగారి నోటివంక చూశారు. రాజుగారు తన పంజావంక చూసుకున్నాడు.

నక్క గుసగుసలాడింది. "ప్రభూ, భోంచేసి ఉమ్మానని ఒప్పుకోండి. పరీక్ష చెల్లదని కొట్టిపారేద్దాం."

"ఒప్పుకుంటే నా కార్తీకవ్రతం ఏం గాను? నేను ఆకులు నములుతున్న బొమ్మలు చెట్టుచెట్టుకూ కట్టించింది నువ్వే కదా!" అని పళ్ళు కొరికి, రాజు గొంతు మార్చాడు. "చెల్లెమ్మా! ఇన్నాళ్ళకు కలిశామా!"

పొడలమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఆడదుప్పికి దేవుడు కొమ్ములివ్వలేదు గానీ, ఇచ్చి ఉంటే అక్కడికక్కడే కుమ్మేసేది. పొట్టకింద కూన పాలకోసం తలతో పొడుస్తోంది.

"అన్నయ్యా," అంది.

సభ చప్పట్లు కొట్టింది.

"అన్నయ్యా, మంత్రిగారిది ఇంకా చదవలేదు," అంది మళ్ళీ.

డాక్టరు చదివాడు. "మంత్రిగారికి చెప్పుకోదగ్గంత ఏమీ కలవలేదు."

"అన్యాయం! నేను ప్రభువులకు వేలువిడిచిన మేనమామ కొడుకుని!" అని నక్క మొత్తుకుంది.

రాజు సభనంతా కలయజూశాడు. లావుపాటి దుప్పులన్నీ చుట్టాలైపోయాయి. చివరికి చూపు నక్క మీద ఆగింది.

"మంత్రీ, కార్తీకం ఇవాళ్టితో సరి కదూ?" అన్నాడు ఆప్యాయంగా.

నక్క రాళ్ళగుట్టవైపు పరుగందుకుంది. చేరిందో లేదో ఎవరూ వాకబు చేయలేదు.

దుప్పులు గట్టునే ఉండిపోయాయి. కూన బతికింది. సాయంత్రాలు రాజుగారు నలుగురూ చూసేలా మడుగు దగ్గరికొచ్చి, "బాగున్నావా చెల్లెమ్మా?" అని పలకరించేవాడు. పొడలమ్మ ఆయన మొహంవంక చూసేది కాదు. పొట్టవంక చూసి, "బాగున్నాను అన్నయ్యా," అనేది.

నీతి: రాజుగారు మనకు చుట్టమవ్వాలంటే, ముందు మన ఇంట్లో ఒకరిని ఆయన తిని ఉండాలి.