పిల్లలు తేల్చిన దూరం

"ఇకపై దూరాన్ని ప్రభుత్వం నిర్ణయించదు. పిల్లలే నిర్ణయిస్తారు!" అని మా నియోజకవర్గ నాయకుడు జయచంద్ర గారు మైకులో ప్రకటించారు. పిల్లలను ఇంతగా నమ్మిన నాయకుడు పాకాల చుట్టుపక్కల ఇంతవరకు పుట్టలేదు. చప్పట్లు కొట్టాం.

సంగతి చిన్నదే. మా పల్లెలో ఒక ప్రాథమిక బడి ఉంది. పెద్దూరి బడి కిలోమీటరు లోపుంటే మా బడి మూసి అందులో కలిపేస్తారు. దాటితే మా బడి మాకుంటుంది. టేపు పెట్టి కొలిస్తే ప్రభుత్వమే మూసిందంటారు. అందుకని 'ఆరుబయట గణితం' అనే ప్రోగ్రాం పెట్టారు. పిల్లలు నడుస్తూ అడుగులు లెక్కపెడతారు. రెండడుగులు ఒక మీటరు. రేపు ఎవరైనా అడిగితే పిల్లలే కొలిచారని చెప్పవచ్చు. మూడో తరగతితో చదువు చాలించిన నాకే ఆ తెలివి అర్థమైందంటే, అదెంత పారదర్శకమైన తెలివో చూడండి.

ఆ ఉదయం విద్యాధికారి గుణశేఖర్ గారు టోపీ, విజిల్‌తో జీపు దిగారు.

"పిల్లలూ, ఈరోజు మీరంతా ఇంజనీర్లు! పెద్ద పెద్ద అడుగులు వేయాలి. ధైర్యంగా!"

బడిలో అన్నం వండే చెంగమ్మ పిల్లల వెనక చేరి మెల్లిగా చెప్పింది: "నెత్తిన అంబలి కుండ ఉండాదనుకోని నడవండి. తొణికిందా, వీపు పగుల్తాది."

పిల్లలు అంబలి మోశారు. గుణశేఖర్ గారికి చెమట పట్టింది.

"ఏం నడకమ్మా ఇది? స్ట్రైడ్, స్ట్రైడ్! కాళ్లు సాచండి!"

"లాగు బిగుతుగా ఉండాది సార్" అన్నాడు వెనకనుంచి ఒకడు.

ఆయన చెంగమ్మ మనవరాలు మహితను పట్టుకున్నారు. "నువ్వు లీడర్‌వి కదా. కొంచెం దుముకు తల్లీ."

"దుమికితే లెక్క తప్పిపోతాది సార్. మల్లా మొదట్నించి రావల్ల."

ఎండ చూసుకుని ఆయన విజిల్ జేబులో పెట్టుకున్నారు.

మామిడి మండీ గేటు దగ్గర కిలోమీటరు పూర్తయింది. పెద్దూరి బడి కనుచూపు మేరలో లేదు. మా వాళ్లు కేకలు వేశారు. లారీకి కాయలు ఎత్తేవాళ్లు కూడా సంగతేమిటో తెలియకుండానే ఈలలు వేశారు. చెంగమ్మ పైటతో కళ్లు తుడుచుకుంది.

"మా బడి నిలబడినట్టే కదా సామీ?"

గుణశేఖర్ గారు ఫోను చెవికి పెట్టుకుని పక్కకు పోయారు. "ఎక్కువొచ్చేసింది సార్... లేదు సార్, పిల్లలే... ఊరంతా చూసేసింది సార్..."

తర్వాత మిగతా దారి కూడా నడిపించారు. పెద్దూరి బడి ముందు షామియానా, దాని కింద జయచంద్ర గారు, ఆయన పక్కన శాలువాల కట్ట.

"ఎంతమంది బయల్దేరినారు?" అడిగారాయన.

"అందరూ సార్" అన్నారు గుణశేఖర్ గారు.

"ఎంతమంది చేరినారు?"

"అందరూ."

"యాడన్నా ఎవురన్నా పడిపోయినారా? ఏడ్సినారా?"

"లేదు సార్."

ఆయన మైకు అందుకున్నారు. "దూరమంటే ఏంది? నడవలేనిది! మన బిడ్డలు నడిచేసినారు. నడిచేసినాక ఇంక దూరం యాడుండాదప్పా?"

అందరం అటూ ఇటూ చూశాం. యాడా కనబడలేదు. ఒక్కో బిడ్డకూ కాళ్ల దాకా జారే శాలువా కప్పారు. మా బడి ఆ సాయంత్రమే పెద్దూరి బడిలో కలిసిపోయింది. తిరిగి వెళ్లేటప్పుడు అడుగులు లెక్కపెట్టనక్కరలేదని గుణశేఖర్ గారు పిల్లలకు మినహాయింపు ఇచ్చారు.

"నడిచి చూపించి చెడిపోతిమి" అంటూ చెంగమ్మ దారిలోనే పక్క పల్లెలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. "మీ పిల్లోళ్లని ఒక్కడుగు కూడా ఎయ్యనీబాకండి."

వారం తర్వాత ప్రోగ్రాం ఆ పల్లెకు పోయింది. నేనూ చూడబోయాను. గుణశేఖర్ గారు ఎంత విజిల్ ఊదినా ఒక్క బిడ్డ నేలమీద కాలు పెట్టలేదు.

"మా వాళ్లు అంత దూరం నడవలేరు సామీ, సూడండి" అని నాయనలు తలా ఒక బిడ్డను భుజానికెత్తుకున్నారు. పెద్దూరి బడి దాకా రొప్పుతూ మోసుకొచ్చి దించారు. అందరి చొక్కాలూ తడిసి ముద్దయ్యాయి.

గుణశేఖర్ గారు ముచ్చటపడి చూశారు. ఆఫీసుకు ఫోన్ చేసి నిదానంగా చెప్పారు:

"రాసుకోండి. ఈ పల్లె విద్యార్థులకు రవాణా సౌకర్యం కలదు."