పాతది నెమ్మది, కొత్తది ఖాళీ

సోమవారం పొద్దున లిఫ్టు మరమ్మతుల కంపెనీ మేనేజరు పెట్టుకున్న పని చిన్నదే. ఫిర్యాదుల ఫోన్లు మొదలయ్యేలోపు తన గదిలో తలుపేసుకుని బావమరిదితో ఫోన్లో పది నిమిషాలు మాట్లాడాలి. మేనేజరు తన ఇంట్లో తొమ్మిదేళ్లనాటి కంప్యూటరులో మొన్ననే చవకరకం కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించాడు. బొమ్మ గీసే కార్డు కొత్తదే గాని, దానికి లెక్కకట్టి పని అందించే ప్రాసెసరూ, అది కూర్చునే బోర్డూ పాతవే. దాంతో యుద్ధం ఆటలో ఆయన తుపాకీ ఎత్తేలోపు శత్రువు వచ్చి కాల్చేసి పోతున్నాడు. నలభై ఏడేళ్ల మనిషి ఆటలాడతాడని తెలిస్తే ఆఫీసులో పరువు దక్కదు. అందుకని కంప్యూటరు పేరెత్తకుండా, గొంతు తగ్గించి మాట్లాడాడు.

గొంతు తగ్గింది గాని గోడ ప్లైవుడ్డుది. దానికి అవతల కూర్చునేది పెద్దక్క. ఫోనెత్తి, సంగతి కనుక్కుని, గుండ్రటి అక్షరాలతో చీటీ రాసి పక్క బల్లకు అందించడం ఆమె పని. ఆ చీటీ చూసి మెకానిక్కుల్ని పంపేది రెండు నెలల కిందట చేరిన కొత్తమ్మాయి. పెద్దక్క చేరి తొమ్మిదేళ్లయింది.

"కొత్తది చురుకైందేరా, చవగ్గా కూడా దొరికింది," అని వినిపించింది గోడలోంచి. "చిక్కల్లా పాతదానితోనే. అది ఒక్కొక్కటీ నిదానంగా అందిస్తుంటే, కొత్తది సగంసేపు ఖాళీగా కూర్చుంటోంది."

పెద్దక్క కలం ఆగింది.

"తొమ్మిదేళ్లు చాకిరీ చేసింది, కాదనను. ఇప్పుడు కాస్త పని పెంచితే చాలు, వేడెక్కిపోతోంది. తీసేద్దామంటే దాని కిందున్నది కూడా మార్చాలంటున్నారు."

పెద్దక్క తన కిందున్న కుర్చీ వంక చూసుకుంది. ఉద్యోగం పోతుందన్న భయం గుండెలో ఒక పక్క, అంతకంటే పెద్ద మంట ఇంకో పక్క. ఎదురుగా 'మీరు' అనే మనిషి చాటున 'అది' అంటాడా?

"ఏమ్మా, నువ్వు ఖాళీగా కూర్చుంటున్నావంట?" అని అడిగింది కొత్తమ్మాయిని.

"నేనెవరికీ చెప్పలేదక్కా," అంది ఆ అమ్మాయి బెదిరిపోయి.

"ఇవాళ్టినుంచి కూర్చోవులే."

రోజూ ఫోనొస్తే పెద్దక్క తీరిగ్గా నాలుగు ప్రశ్నలడిగేది. తలుపుకేమైనా అడ్డం పడిందా, ఎవరైనా మెయిన్ స్విచ్ ఆపారా, ఇలాగ. సగం లిఫ్టులు ఆ ఫోన్లోనే బాగైపోయేవి. ఆ రోజు మాత్రం అడ్రసు అడగడం, ఫోను పెట్టేయడం. గంటలో ఇరవై రెండు చీటీలు కొత్తమ్మాయి బల్లమీద గుట్టపడ్డాయి. ఉన్న నలుగురు మెకానిక్కులూ నాలుగు దిక్కులకు పరుగెత్తారు. బట్టల కొట్టుకు వెళ్లినవాడు తలుపుకి అడ్డం పడ్డ చీపురు తీసి వచ్చాడు. కళ్లాసుపత్రికి వెళ్లినవాడు స్విచ్ వేసి వచ్చాడు. హడావుడి రాతలో ఆరు సున్నాలా కనబడి, మూడోవాడు వేరే భవనానికి పోయి, శుభ్రంగా తిరుగుతున్న లిఫ్టును విప్పి కూర్చున్నాడు. పదకొండు అంతస్తులు ఎక్కిన ఆ భవనం యజమాని, ఊపిరి అందాక మేనేజరుకు ఫోన్ చేశాడు.

క్షమాపణ చెప్పుకోడానికి మేనేజరు సంచి తగిలించుకుని బయల్దేరాడు. నాలుగో అంతస్తులో తమ ఆఫీసు లిఫ్టే ఎక్కాడు. పాతకాలపు జాలీ తలుపు లాగి మీట నొక్కితే, అది అర అంతస్తు దిగి ఆగిపోయింది. ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"అడ్రసు చెప్పండి," అంది పెద్దక్క.

"నేను, పెద్దక్కా. మన లిఫ్టులోనే ఇరుక్కున్నాను."

"రాసుకున్నాను." ఫోన్ పెట్టేసింది.

అది ఇరవై మూడో చీటీ. మెకానిక్కు ఒక్కడూ ఖాళీ లేడు. అరగంట ఓపిక పట్టి మళ్లీ చేశాడు.

"ఇంత ఆలస్యమైతే ఎలాగండీ?"

"నావల్ల ఆలస్యం కాలేదు సార్. నాలుగు సెకన్లలో రాసిచ్చాను. నేను నిదానమన్నారుగా పొద్దున. వేడెక్కిపోతానన్నారు. అది అన్నారు. తొమ్మిదేళ్లు సార్. తీసేసేదుంటే ముఖం మీదే చెప్పండి."

ఈలోపు కొత్తమ్మాయీ, కింది అంతస్తు వాళ్లూ మెట్లమీద గుమిగూడారు. పరువా, పెద్దక్కా అని మేనేజరు ఒక్క క్షణం ఊగిసలాడాడు.

"మిమ్మల్ని కాదు పెద్దక్కా. అది మా ఇంట్లో ప్రాసెసరు," అన్నాడు మెట్లన్నీ వినేలా. "నేను కంప్యూటర్లో ఆటలాడతాను."

మెట్లమీద ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దక్క బయటికొచ్చి, మెట్టుమీద కూర్చుని, జాలీలోంచి లోపలికి చూసింది.

"లోపల ఫ్యాను తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"అయితే కరెంటుంది. సంచీ ఎక్కడ పెట్టారు?"

చూసుకుంటే సంచి పట్టీ జాలీ తలుపులో ఇరుక్కుని, లిఫ్టు కదిలిన కుదుపుకి తలుపు వేలెడు తెరుచుకుని ఉంది. పట్టీ లాగి తలుపు వేయగానే లిఫ్టు కదిలింది.

బయటపడ్డ మేనేజరు నేరుగా ఆమె దగ్గరికొచ్చాడు. "రేపట్నుంచి నిదానంగానే రాయండి. ఇది ఆజ్ఞ అనుకోండి, బతిమాలడం అనుకోండి."

పెద్దక్క కళ్లు తుడుచుకుంది. "పాతదానికి బరువు తగ్గుతుందని బొమ్మ నాణ్యత తగ్గించి ఆడుతున్నారు కదూ?"

"అవును."

"పెంచండి సార్. నాణ్యత పెంచితే ఆ భారం ఎక్కువగా కొత్తదాని మీదే పడుతుంది, ఖాళీగా కూర్చోదు. వెనకాల తెరిచిపెట్టిన ప్రోగ్రాములన్నీ మూసేస్తే పాతది తేలికపడుతుంది. దాన్ని తీసేయక్కర్లేదు."

"మీ ఇంట్లో ఎవరాడతారు?"

"నేనే."

ఆదివారం పొద్దున ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. మేనేజరు నాలుగు నిమిషాలకే చచ్చిపోయాడు గాని, ఈసారి తప్పు ప్రాసెసరుది కాదు.